నాలుగో రంగు పడని నలభై కాగితాలు

మెదక్ పట్టణంలో ఉండే సువర్ణను నేను. పరశురాం భార్యను, వడ్రంగి పని చేసే వడ్ల ఐలయ్య కూతురిని. వయసు ఇరవై ఆరు. నా తెలివి నా దగ్గరే ఉంది. ఎవరూ నన్ను భయపెట్టలేదు, ఎవరూ పక్కన కూర్చుని చెప్పలేదు. వచ్చే బుధవారం హైదరాబాద్ దవాఖానలో నా గుండెకు ఆపరేషన్. మంచిగైతది అని డాక్టర్లు అన్నారు, నేనూ నమ్ముతున్నాను. అయినా ఈ వీలునామా రాస్తున్నాను. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. ఆరో తరగతి చదువు కాగితం మీదనే అక్కరకు వస్తుంది.

మా ఇంటి వెనక గదిలో స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాం. పెళ్లి పత్రికలు, సంచులు, బోర్డులు. వచ్చే నెల ఆ గదిలోకి ఫ్లెక్స్ మెషిన్ వస్తుంది, ప్రింటు వేసే బల్ల బయటికి పోతుంది. నా భయం ఆపరేషన్ కన్నా ఆ బల్ల గురించే. అది నాలుగో అంశంలో ఉంది, ఓపిక లేనివాళ్లు ముందు అదే చదవండి. ఇవన్నీ అమలు చేయించే బాధ్యత నాకు బడిలో చదువు చెప్పిన సౌభాగ్యమ్మ టీచరుకు అప్పగిస్తున్నాను. ఆమె మాటకు మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు.

1. ప్రింటు బట్ట బిగించే పన్నెండు టేకు ఫ్రేములు నా సొంతం. నా పెళ్లికి మా నాయన మంచం, బీరువాకు బదులు వీటిని చేసి ఇచ్చాడు. "పిల్లతోని కిటికీలు పంపుతుండేందిరా ఐలయ్యా!" అని పందిట్లో అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు. ఫ్రేముకు బట్ట బిగించి వేలితో కొడితే చిన్న డప్పులా మోగుతుంది. ఆ మోత వింటే నాకు మా నాయన పని చేసే చప్పుడు వినిపిస్తుంది. ఇవి పన్నెండూ వెనక గల్లీలో ఉండే నౌషీన్‌కు సర్వహక్కులతో చెందాలి. మూడేళ్లుగా నా దగ్గర పని నేర్చుకుంటోంది. ఆమె కూడా మాటల మనిషి కాదు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం జొహర్ నమాజ్ దాకా ఇద్దరం ఒక్క మాట లేకుండా పని చేస్తాం. నా బతుకులో అంత హాయి మరెక్కడా లేదు.

2. మా అత్తమ్మ లలితమ్మకు రెండు మీటర్ల కొత్త స్క్రీన్ బట్ట, రంగు తగలనిది. ఒకసారి ఆమె నా కొత్త బట్టను కత్తిరించి కారం జల్లించింది. "గింత సన్న జల్లెడ బజార్ల దొర్కుతదా?" అని మురిసిపోయింది. ఆ తర్వాత నేను వేసిన మొదటి పత్రిక, బట్టకు అంటిన కారం ఘాటుకు తుమ్ములతోనే పూర్తయింది. నాకు కోపం ఉండేది, ఇప్పుడు లేదు. ఈ బట్ట ఆమెదే. మిగతా బట్ట చుట్టను ముట్టుకోవద్దని మనవి.

3. నా భర్త పరశురాంకు నేను అంచులు, తీగలు, నెమళ్లు గీసిన పుస్తకం. ఆరేళ్లుగా పత్రికల కింద "డిజైన్: పరశురాం" అని పడుతోంది. నేను అడగలేదు, ఆయన ఆలోచించలేదు. ఇక మీద ఏ పేరు వేయాలో ఆయనకే వదిలేస్తున్నాను.

ఇంకోటి కూడా రాయాలి. పెళ్లయిన కొత్తలో చాయ్ ఇద్దామని చీకటి గది తలుపు తీశాను. కోటింగ్ పూసి ఆరబెట్టిన స్క్రీన్ల మీద వెలుతురు పడింది. వెలుతురు తగిలితే ఆ పూత గట్టిపడుతుందని నాకేం తెలుసు? ఒక పెళ్లి పని మొత్తం పాడైంది. అత్తమ్మ అరుస్తుంటే ఆయన ఆ చాయ్ తాగి, "చక్కెర మంచిగ పడ్డది" అన్నాడు, అంతే. ఆ మాటకు నా దగ్గర బదులు ఇవ్వదగిన వస్తువు ఏదీ లేదు.

4. వెనక గదిలో తీగెకు నలభై కాగితాలు వేలాడుతున్నాయి. అవి ఎవరి ఆర్డరూ కాదు. వాటి మీద ఉన్నది డాబా మీద నుంచి కనిపించే మన ఊరు, సందె వేళ. ఖిల్లా గుట్ట, చర్చి గోపురం, రేకుల ఇళ్లు, వాటి మీద పొగలాంటి మబ్బు. ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు పడ్డాయి. పసుపు మిగిలింది. పసుపు అంటే ఇళ్లలో దీపాలు. లేత రంగు ముందు వేయాలని అందరూ అంటారు. చీకటి పడకుండా దీపం ఎవరు పెడతారు? అందుకే చివరికి ఉంచాను. వానలకు ఎండ లేక పసుపు స్క్రీన్ కోసం తొమ్మిది రోజులు ఆగాను. మబ్బు చీలినప్పుడు పరుగెత్తి ఎండకు పెట్టి, నోట్లో అంకెలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. కలలో నిలబడ్డట్టే ఉంది. స్క్రీన్ మీద ఇళ్ల కిటికీలన్నీ చక్కగా తేలాయి. అంతలోనే ఆపరేషన్ అయ్యేదాకా బల్ల దగ్గర నిలబడొద్దని డాక్టర్లు అన్నారు.

కనుక షరతు ఇది. పసుపు పడేదాకా ఆ స్క్రీన్‌ను కడగరాదు. స్క్రీన్‌ను బల్లకు పట్టి ఉంచే బందులు ఊడదీయరాదు, కాగితం ఆనడానికి అంటించిన అట్టముక్కలు పీకరాదు. అవి వెంట్రుకంత జరిగినా దీపాలు గోడల మీద, చెట్ల మీద పడతాయి. మెషిన్ ఒక వారం వరండాలో ఉంటే దానికేమీ కాదు. నేను తిరిగి వస్తే ఈ కాగితం చెల్లదు, పసుపు నేనే వేస్తాను. రాకపోతే నౌషీన్ వేయాలి. మా ఆయన చేయి బరువు, రంగు లాగే స్క్వీజీ నొక్కితే రంగు పొంగుతుంది. ఆయన పక్కన నిలబడి కాగితాలు అందివ్వాలి.

5. నేను కలిపిన పసుపు డబ్బాలో గట్టిపడితే పారేయండి. దానికి సరిపోయే రంగు కోసం వెతకొద్దు. నౌషీన్ ఆ రోజు సందె వేళ డాబా ఎక్కి చూసి, తన కంటికి తోచినట్టు కలుపుకోవాలి. అది నేను అనుకున్న పసుపు కాకపోయినా, ఊరు వెలగడమే నాకు కావాలి.

మెదక్, 12 జూలై 2025.

సంతకం: సువర్ణ

ఆమె మా ఎదుటే చదువుకుని సంతకం చేసింది:
1. క్రిస్టినా, నర్సు
2. బాలనర్సమ్మ, పక్కింటి ఆమె