కర్ణుడి ముందు కుంతి

శనివారం, పుత్తూరు.

నిన్న ఈ డైరీలో రాసుకున్నది అబద్ధం. మునిరత్నం మాస్టారు వీధినాటకంలో ఇస్తానన్న కుంతి వేషం నేను వద్దన్నది కళ్లు కనబడక కాదు, పద్యం మధ్యలో మరిచిపోతానన్న భయంతో. ముప్పయ్యేళ్లు ఈ ఊళ్లోనే ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు శిష్యుల ముందు నోరు తెరుచుకుని నిలబడటమా?

సాయంత్రం మనవరాలు సుజాత ఫోనులో ఒక ముసలి ఇంగ్లీషు నటి ఇంటర్వ్యూ చూపించింది. అరవై ఏళ్లుగా నాటకాలు, సినిమాలు. ఇప్పుడు మాటలు మరిచిపోతుంటే తెర వెనక నుంచి ఒకరు అందిస్తారట. ఆ సంగతి ఆ నటే నవ్వుతూ చెప్పింది.

"సూడవ్వా, ఆమెకు లేని సిగ్గు నీకెందుకు?"

"ఆమె శిష్యులు పుత్తూర్లో లేరు కదమ్మే."

"నీకు వంతపాటోళ్లు ఉండారు కదా! నువ్వు ఆగితే వాళ్లు ఎత్తుకుంటారు. జనం అది రాగమే అనుకుంటారు."

నిజమే. అయినా పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దిన నాకు, నా తప్పు ఇంకొకరు కప్పడం మింగుడుపడదు. కర్ణుడి ముందు కుంతి మాత్రం తడబడకుండా మాట్లాడి ఉంటుందా...

రేపు పొద్దున్నే సుజాతను మాస్టారింటికి పంపాలి. కుంతి పద్యాలు పెద్ద అక్షరాల్లో జిరాక్స్ తీయించుకు రమ్మనాలి. వేషం ఇంకెవరికైనా ఇచ్చేసి ఉన్నా సరే, కాగితం మాత్రం తెమ్మనాలి.