పరుపుల షాపు ముందు ఆగే సైకిలు

బావమరిదికి ఆశీస్సులతో,

ఇక్కడ అందరం క్షేమం, సైకిలు తప్ప. అక్కడ నువ్వూ, నీ సైకిళ్ల షాపూ క్షేమమే అనుకుంటాను.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. నేను ఫోన్ ఎత్తితే చాలు, ముందు గదిలో మీ అక్క కుట్టుమిషను టక్కున ఆగిపోతుంది. చెవులు ఇటే. ఇది ఆవిడకి తెలియకూడని సంగతి. జవాబు ఇంటికి కాకుండా సందు మొదట్లో కటింగ్ షాపుకి రాయి.

బైండింగ్ షాపు పని మానేశాక కరెంటు సైకిలు కొన్నాను కదా. మీ అక్క కుట్టిన బట్టలు గుట్ట మీది ఇళ్లకి నేనే అందిస్తున్నాను. ఎక్కడం హాయిగా ఉంది, వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టు. దిగేటప్పుడే తంటా. బ్రేకు పట్టుకుంటే కీచుమని ఒకటే అరుపు. పసిపిల్లలు లేస్తున్నారు, కుక్కలు జవాబిస్తున్నాయి.

కొలతలు తీసుకోడానికి మీ అక్క కూడా గుట్ట ఎక్కాలి. మోకాళ్లు సహకరించడం లేదు. సగం దారిలో పిట్టగోడ మీద కూర్చుని, ఎవరైనా చూస్తే చెప్పు సర్దుకుంటున్నట్టు నటిస్తుంది. "వెనక కూర్చోవే" అన్నాను. "వీధంతా తిరిగి చూసేలా అరిచే బండి నేనెక్కను. ముందు ఆ అరుపు ఆపించండి, అప్పుడు చూద్దాం" అంది. ఇలాగైతే గుట్ట మీది పని మానేస్తానంటోంది. అది మానేస్తే మిషనుకి సగం పని పోతుంది, మీ అక్కకి సగం ప్రాణం పోతుంది.

ఇక్కడి సైకిలు షాపువాడు హైడ్రాలిక్ బ్రేకు వేయించమంటాడు. కటింగ్ షాపు కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఇప్పుడున్నలాంటి, వైరుతో నడిచే మెకానికలే మేలంటాడు. మెడ మీద కత్తి ఉండగా చెప్పే మాట ఎంతవరకు నమ్మాలో తెలియడం లేదు. ఏది మంచిదో నువ్వే తేల్చి రాయి.

ఇట్లు,
అరుపుల బండి యజమాని, మీ బావ

తా.క.: రెండింట్లో ఏ లివరు మెత్తగా ఉంటుందో కూడా రాయి. నాకోసం కాదు. ఊరికే.

*

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. మా ఇంట్లో అందరూ దాన్ని శుభలేఖ అనుకున్నారు. ఈ రోజుల్లో ఉత్తరమంటే అదే కదా.

మెకానికల్ డిస్కు బ్రేకులో మీరు లివరు నొక్కితే వైరు లాగుతుంది, ప్యాడ్లు చక్రం పక్కనున్న డిస్కుని పట్టుకుంటాయి. వైరు సాగుతుంటే బిగించుకోవాలి. చెడితే ఎవడైనా బాగుచేస్తాడు. హైడ్రాలిక్‌లో వైరు బదులు గొట్టంలో నూనె ఉంటుంది. మీరు నొక్కితే అది ప్యాడ్లని తోస్తుంది. రెండు వేళ్లు చాలు. ప్యాడ్లు అరిగినా తనంతట తనే సర్దుకుంటుంది. చెడితే మాత్రం తెలిసినవాడే ముట్టుకోవాలి.

కరెంటు సైకిలు అసలే బరువు. గుట్ట దిగాలి. పైగా వెనక మా అక్క. నన్నడిగితే హైడ్రాలిక్. కానీ తొందరపడకండి. ముందు డిస్కు శుభ్రంగా తుడిచి చూడండి, అరుపు తగ్గొచ్చు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఇది అక్క కంట పడితే, బరువు మాట దగ్గర చేతిరాత మీదేనని చెప్తాను.

*

బావమరిదికి ఆశీస్సులు.

ఇక్కడ సైకిలు క్షేమం, నేను తప్ప.

నీ ఉత్తరం అందిన మర్నాడే అరుపు దానంతట అదే ఆగిపోయింది. నేను గుడ్డ కూడా పెట్టలేదు. నీ ఉత్తరానికే భయపడిందనుకున్నాను. సంబరంగా గుట్ట దిగుతుంటే తెలిసింది, అరుపుతో పాటు బ్రేకూ వెళ్లిపోయిందని. కాళ్లు నేలకి ఆనించాను. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. వాలు చివర పరుపుల షాపు లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. బయట నిలబెట్టిన పరుపుల్లోకి వెళ్లి ఆగాను. షాపతను పరుగెత్తుకొచ్చి, పరుపుకేమైనా దెబ్బ తగిలిందా అని చూశాడు.

పాంటు మోకాలి దగ్గర చినిగింది. సూది పడిపోతే మోకాళ్ల మీద కూర్చుని వెతికానని మీ అక్కకి చెప్పాను. "ఏ సూది?" అంది. "దొరకలేదు" అన్నాను.

బ్రేకు పోయిందని తెలిస్తే ఇక జన్మలో ఎక్కదు. అరుపు ఆగింది కాబట్టి ఇప్పుడే ఎక్కుతానంటుందేమోనని ఇంకో భయం. అందుకని ఆవిడ గుమ్మంలోకి రాకముందే బయల్దేరిపోతున్నాను.

ఇట్లు,
ఒంటి చెప్పు బావ

తా.క.: మీ అక్క నిన్న కొత్త చెప్పులు తీసి, తుడిచి, గుమ్మం దగ్గర పెట్టింది. ఎక్కడికి వెళ్తుందో చెప్పలేదు.

*

బావగారికి నమస్కారాలు.

మీరు క్షేమంగా లేరని తెలిసి బాధపడ్డాను. తర్వాత నవ్వాను. మళ్లీ బాధపడ్డాను.

నిజం చెప్పండి, అరుపు ఆపడానికి డిస్కుకి నూనె రాశారా? అరుపూ బ్రేకూ ఒకేసారి పోయాయంటే నూనె పనే. నూనె అన్నది ఆ దరిదాపులకి రాకూడదు. కొత్త ప్యాడ్లు పంపుతున్నాను. డిస్కుని స్పిరిటుతో తుడిచి ఇవి వేయించండి. నమ్మకం కుదిరేదాకా గుట్ట దిగేటప్పుడు నడిపించుకుంటూ రండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పరుపుల షాపుకి సెలవు ఎప్పుడో కనుక్కుని ఉంచండి.

*

బావమరిదికి,

ఆశీస్సులు ఈసారికి వాయిదా.

నేను నూనె రాశానా? జీవితమంతా కాగితాల మధ్య బతికినవాణ్ణి. నూనె చుక్క పడితే ఒక పుస్తకం పాడైపోయే చోట పనిచేశాను. నన్ను పట్టుకుని అంత మాటంటావా?

అసలు నీ మాట మీద నీకు నిలకడ ఉందా? మొదటి ఉత్తరంలో నూనెతో నడిచే బ్రేకు మంచిదన్నావు. రెండో ఉత్తరంలో నూనె దరిదాపులకి రాకూడదన్నావు. కటింగ్ షాపులో రెండూ చదివి వినిపించాను. "మీ బావమరిది సైకిళ్లే అమ్ముతాడా?" అని అడిగారు.

అయినా వాళ్ల స్పిరిటుతోనే డిస్కు తుడిచి నీ ప్యాడ్లు వేయించాను. మొదటిరోజు గట్టిగా పట్టింది, గట్టిగా అరిచింది. ఆ అరుపు వింటే ప్రాణం లేచొచ్చింది. మర్నాడు మళ్లీ మౌనం. మళ్లీ పరుపులు. నీ ప్యాడ్లు ఒక్క రాత్రికే చచ్చుబడిపోయే రకమని తేలింది.

ఇట్లు,
నీ సామాను వల్ల చెడిన బావ

తా.క.: పరుపుల షాపతను నేనొచ్చే వేళకి ఒక పాత పరుపు బయట వేసి ఉంచుతున్నాడు. మీ ఇంట్లో కూడా నాకు ఇంత మర్యాద జరగలేదు.

*

బావగారికి నమస్కారాలు, ఎప్పటికన్నా కొంచెం తక్కువ.

నేను రెండుసార్లూ ఒకటే చెప్పాను. హైడ్రాలిక్‌లో నూనె గొట్టం లోపల ఉండాలి, డిస్కు మీద కాదు. అన్నం కడుపులో ఉంటే బలం, చొక్కా మీద పడితే మరక. ఈ ముక్క కటింగ్ షాపులో గట్టిగా చదవండి.

నన్నేమన్నా పడతాను. నా సామానుని అంటే పడను. కొత్త డిస్కుతో సహా మొత్తం హైడ్రాలిక్ సెట్టు పంపుతున్నాను. అక్కడి షాపువాడితో బిగించుకోండి. ఇది కూడా పోతే నా షాపు మూసేస్తాను.

ఇట్లు,
ఇంకా మీ బావమరిదే

తా.క.: ఒకవేళ పోతే డిస్కు మీద వేలు రాసి వాసన చూడండి. ఎక్కడి నూనెనో ముక్కే చెబుతుంది.

*

బావమరిదికి,

నీ షాపు మూసెయ్యొచ్చు.

మొదటిరోజు రెండు వేళ్లకే వెన్నలా ఆగింది. ఎక్కడో చిన్నగా కుయ్‌మంది, అంతే. గుట్ట కింద ఆగి, నా చేతిని నేనే కాసేపు చూసుకున్నాను. పరుపుల షాపతను నన్ను దాటిపోనిచ్చి దిగులుగా చూశాడు. మర్నాడు అతని దిగులు తీరిపోయింది. ఈసారి పరుపు గలీబు నిలువునా చినిగింది.

ఇక నావల్ల కాదు. సైకిలు అమ్మేస్తాను. గుట్ట మీది పని మానెయ్యమని మీ అక్కతో చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఈమధ్య నాతో సరిగ్గా మాట్లాడటం కూడా లేదు. ఏం తప్పు చేశానో తెలియదు. కొత్త చెప్పులు మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

ఇట్లు,
మీ బావ

తా.క.: వేలు రాసి చూశాను. నూనే. కానీ అది నాకు బాగా తెలిసిన వాసన. పని నుంచి వచ్చి మా ఇంట్లో అడుగుపెట్టగానే వచ్చే వాసన. గొట్టంలో ఏం పోసి పంపావు?

*

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ ముగ్గురం క్షేమం, సైకిలుతో కలిపి.

మొన్న పరుపుల షాపతను చినిగిన గలీబు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. వాళ్లవి కుట్టేది నేనే. "మీ ఆయన తరచూ మా పరుపుల మీదకే వస్తున్నారమ్మా, ఇంట్లో నిద్ర సరిపోవడం లేదా?" అన్నాడు.

మీ బావని నిలబెట్టి అడిగాను. "పాంటు తర్వాత పాంటు మోకాళ్లు కుడుతున్నాను. సూది వెతికితే బట్ట అలా చిరగదని నాకు తెలియదా?" అన్నాను. ఆయన వేలు వాసన చూసుకున్నారు. తర్వాత గదిలో గాలి వాసన చూశారు. తర్వాత నా మిషను పక్కనున్న నూనె డబ్బాని చూశారు. నేనూ దాన్నే చూశాను.

అవున్రా, నేనే. ఇంట్లో కీచుమనే ప్రతిదానికీ ఒక చుక్క వేస్తాను. మిషనుకి, తలుపు బందుకి, గడియకి. ఆయన గురకకే ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. అరుపు ఆపితే ఎక్కుతానన్నాను కదా. ఈయన ఆపిస్తారా అని చూశాను, ఆపించలేదు. సరే, నేనే ఆపుకుందామని పొద్దున్నే ఒక చుక్క వేశాను. మళ్లీ అరిస్తే మళ్లీ ఒక చుక్క. ఆఖరికి ఆ చిన్న కుయ్‌కి కూడా.

అరుపు ఆగింది. నేను కొత్త చెప్పులు వేసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఈయన సందు మలుపు తిరిగిపోయేవారు. నన్ను వెనక ఎక్కించుకోడానికి సిగ్గుపడుతున్నారనుకున్నాను. నేను కుంటుకుంటూ గుట్ట ఎక్కి, మౌనంగా ఉండిపోయాను. ఆయన నన్ను కాపాడటానికి పారిపోతున్నారని నాకేం తెలుసు?

ఇప్పుడు మీ ఇద్దరూ తేల్చలేనిది నేను తేలుస్తాను. ఆయన కుడిచెయ్యి సంగతి నీకు రాసి ఉండరు. ఏళ్ల తరబడి కాగితాలు కోసే మిషను లివరు లాగి లాగి పట్టు పోయింది. సీసా మూత రాకపోతే నా ముందు పెట్టి, "ఇది నీ చేత్తో తీస్తేనే బాగుంటుంది" అంటారు. నాకు తెలియదనుకుంటారు, నేనూ తెలియనట్టే తీస్తాను. వైరు బ్రేకు పిడికిలంతా అడుగుతుంది. నూనె బ్రేకుకి రెండు వేళ్లు చాలన్నావట. కాబట్టి నూనె బ్రేకే ఉంటుంది. నువ్వు పంపిన సామానులో ఏ లోపమూ లేదు, షాపు మూయకు. ఇంకో జత ప్యాడ్లు మాత్రం పంపు. నిన్న వేయించినవి ఇక్కడి షాపువాడివి, నాకు నువ్వు పంపేవే కావాలి.

నూనె డబ్బా ఇప్పుడు బీరువాలో ఉంది. తాళంచెవి ఆయన దగ్గర. మిషనుకి వెయ్యాలంటే అడిగి తీసుకుంటున్నాను.

ఇట్లు,
మీ అక్క

తా.క.: ఆయన చూపించిన నీ ఉత్తరంలో, నా బరువు గురించి నీ చేతిరాతలోనే ఉన్న ముక్క చదివాను. నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో తా.క.: నిన్న ఎక్కాను. గుట్ట పైనుంచి కిందిదాకా దిగాం. బ్రేకు ఒక్కసారి కూడా అరవలేదు. నేనే అరిచాను. వీధంతా తిరిగి చూసింది. చూడనీ.