పేరు పెట్టేదాకా నోరు మూత

సెప్టెంబరు 2

మా అమ్మాయి ఉజ్వలకి కొత్త గడ్డి దొరికింది! లోకంలో ఏ పుస్తకంలోనూ లేని గడ్డి! మన ఊరి సడా మీదే!

రాయడం నాకు అలవాటు లేదు. నాలుగో తరగతి దాకా చదివి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా ఊళ్ళ పేర్లు అరిచినవాణ్ణి. కానీ ఈ సంగతి ఎవ్వరికీ చెప్పకూడదట. అందుకే ఉజ్వల ఈ డైరీ నా చేతిలో పెట్టింది.

"నోటిదాకా వచ్చిందంతా ఇందులో పొయ్యి, బాబా. బయట మాత్రం ఒక్క చుక్క ఒలకకూడదు."

పోస్తున్నాను!

పొద్దున నన్ను సడా మీదికి తీసుకెళ్ళింది. ఆ ఎర్రరాతి బయలు వానల్లో తప్ప మిగతా ఏడాదంతా కాలిన పెనమే. అక్కడ ఓ మూల, మా వాకిలంత చోటులో, జానెడేసి గడ్డి. భూతద్దం ఇచ్చి చూడమంది. ఒక్కో గింజ వడ్లగింజలో సగం లేదు, దాని పొట్టు మీద వరసగా గుంటలు, చివర రెండు బుల్లి కొమ్ములు! దీని చుట్టాల్లో ఎవరికీ ఇలా రెండు కొమ్ములు లేవట. ఎవరూ చూడరని తెలిసీ దేవుడు ఇంత చెక్కాడు! నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి చెబుతూ మళ్ళీ ఏడ్చాను.

"గడ్డిని తలుచుకుని ఏడ్చే మగాణ్ణి నిన్నే చూశాను" అంది నా భార్య శేవంతి.

చిక్కల్లా ఏమిటంటే, కంకి ఇంకా పచ్చిగా ఉంది. పండిన కంకిని కొలిచి, బొమ్మ గీసి, దాని రూపురేఖలన్నీ రాసి అచ్చు వేయిస్తే తప్ప పేరు పెట్టినట్టు కాదట. చవితినాటికి పండుతుంది. ఈలోగా ఎవరైనా తొక్కినా, మేపినా, వేరేవాళ్ళు వచ్చి ముందే అచ్చు వేసినా అంతే సంగతులు. వచ్చే వానలదాకా ఆగే వీలూ లేదు. పణజిలో దాని పరిశోధన గడువు మార్చితో సరి.

సాతేరి తల్లి గుడిలో కొబ్బరికాయ కొట్టి మొక్కుకున్నాను. పేరు అచ్చయ్యేదాకా నోరు మూత! కండక్టరు మాటంటే మాటే!

సెప్టెంబరు 3

గెలుపు!!

పొద్దున్నే సాంతాన్ పొదేర్ సైకిలు హారను. వాడు ఇంటింటికీ రొట్టెలు వేస్తాడు, రొట్టెతో పాటు కబురు ఉచితం. వాడికి చెబితే ఊరికి చెప్పినట్టే.

"ఏం పుండలీక్ బాబ్, మొహం వెలిగిపోతోంది?"

నోరు తెరవలేదు. వేళ్ళతో రొట్టెలు కావాలని చూపించాను. ఎక్కడ ఆపాలో తెలియక చూపిస్తూనే ఉన్నాను. పన్నెండు రొట్టెలిచ్చి వెళ్ళాడు. ఉజ్వల నిన్ననే పణజి వెళ్ళిపోయింది. ఇంట్లో ఉన్నది ఇద్దరం.

సెప్టెంబరు 4

ఇవాళా గెలుపే. కానీ కడుపు ఉబ్బరం. రొట్టెల వల్లే అంటుంది శేవంతి. దేని వల్లో నాకు తెలుసు.

చెప్పినా తప్పులేని వాళ్ళెవరా అని ఆలోచించాను:
శేవంతి. (ముందే తెలుసు.)
దేవుడు. (ఆయనే చేశాడు.)
గేదె.

గేదెకి చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నది. గడ్డి విషయంలో దాని ఆసక్తి వేరు కదా అని చోటు మాత్రం చెప్పలేదు. జాగ్రత్తంటే అదీ.

సెప్టెంబరు 6

ఇవాళ్టిది లెక్కలోకి రాదు. కాణకోణ్‌లో ఉన్న ద్రౌపది అక్కకి ఫోన్ చేశాను. ఎందుకు రాదంటే, ఒకటి, తోడబుట్టింది. రెండు, దూరాన ఉంది. మూడు, సరిగ్గా వినపడదు.

ఆ మూడోదే ముంచింది.

"ఏమిట్రా? ఉజ్వలకి సంబంధం కుదిరిందా?"

"కాదక్కా. గడ్డి దొరికింది."

"గట్టిగా చెప్పి ఏడు! ఫోన్లో గొణుగుతావేం, ముసలాడిలా?"

అంతే, కండక్టరు గొంతు లేచింది. "గడ్డీ! కొత్త గడ్డీ! మన సడా మీదా! లోకంలో ఇంకెక్కడా లేదక్కా!"

తిరిగి చూస్తే గేటు దగ్గర సాంతాన్. సైకిలు దిగి, టోపీ తీసి చంకలో పెట్టుకుని మరీ వింటున్నాడు.

చాపెల్ ముందున్న శిలువ మీద ఒట్టు వేయించుకున్నాను. "పెదవులు కుట్టేసుకుంటా, బాబ్" అన్నాడు. మంచివాడు. అచ్చం నాలాంటివాడే. నమ్మాను.

సెప్టెంబరు 9

చేపల బుట్ట దించుతూ చేపలావిడ "శుభం, బాబ్" అంది. దేనికో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. అంటే రహస్యం రహస్యంగానే ఉన్నట్టు.

రావస్ చేప బాగుంది.

సెప్టెంబరు 12

వచ్చాడు. నరహరి!

ఊళ్ళో మాటొళి కట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు. చవితికి అందరూ గణపతి తలపై కట్టే ఆ కర్రల పందిరికి నాలుగు కొబ్బరికాయలూ, తమలపాకులూ, రెండు అడవికాయలూ వేలాడదీస్తే, వాడు అడవినంతా దించుతాడు. ఊరి పోటీలో వరసగా గెలుస్తున్నాడు. ఎవరూ చూడని కాయ, ఎవరూ చూడని ఆకు తెస్తేనే మార్కులు మరి.

అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు. మెల్లగా మొదలుపెట్టాడు.

"అరే పుండలీకా, మీ అమ్మాయి సడా మీద గడ్డి పీకుతోందటగా?"

నోరు మూత.

"పాపం. అంత చదువు చదివించావు. మా ఇంట్లో ఆ పని ఆవు చేస్తుంది. దానికి పట్టా కూడా ఇప్పించలేదు."

నోరు... మూత.

"పోనీలే. మా కోడలు దుబాయి బ్యాంకులో ఉంది కదా, అడిగి చూస్తాను. తుడిచే పనైనా ఉండకపోదు."

ఏం చెప్పమంటావు, డైరీ! నా నోరు నేను తెరవలేదు, అదే తెరుచుకుంది. గుంటల సంగతి, రెండు కొమ్ముల సంగతి, ఎక్కడ ఎడమకి తిరగాలి, ఏ రాయి పక్కన ఉంది, భూమ్మీద మరెక్కడా లేదు, దానికి పేరు పెట్టేది నా కూతురు, అన్నీ! చివరికి లేచి నిలబడి చెబుతున్నాను. శేవంతి లోపలినుంచి వచ్చి నా చొక్కా లాగినా ఆగలేదు.

నరహరి చాయ్ చల్లారిపోయింది. కళ్ళు మెరిశాయి. "భూమ్మీద మరెక్కడా లేదా?" అని నెమ్మదిగా అడిగాడు.

గౌరవం! నా కూతురి మీద గౌరవం కళ్ళారా చూశాను. ఒక్కడికే కదా చెప్పాను. వాడు పెద్దమనిషి.

సెప్టెంబరు 18

రాయబుద్ధి కావడం లేదు.

మధ్యాహ్నం బస్సుకి ఉజ్వల వచ్చింది. సంచి దించీ దించకుండానే సడా ఎక్కింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆ మూల ఎర్రరాయి తప్ప ఏమీ లేదు. వేళ్ళతో సహా పీకేశారు. ఒక కొబ్బరి పీచు తాడు ముక్క మాత్రం పడి ఉంది, కట్టలు కట్టడానికి తెచ్చిందనుకుంటా.

అది రాయి మీద కూర్చుంది. ఆ తాడు ముక్క తీసి వేలికి చుట్టుకుంది. తిడితే బాగుండును.

"బాబా, ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

నా మొహంలోకి చూసింది.

"ఒక్కడికే."

ఇంకా చూస్తోంది.

"గేదె కాక ముగ్గురికి."

"గేదె చెప్పి ఉండదులే" అని లేచి చీర దులుపుకుంది. కళ్ళు తుడుచుకోవడం నాకు కనిపించకుండా అటు తిరిగి దిగింది. దాని దగ్గరున్నది మొదటిరోజు తన చేత్తో కోసుకున్న పచ్చి కంకులే. పండినవి లేకుండా వాటితో ఏ పనీ జరగదట. అంటే నా నోరు దాని అయిదేళ్ళూ తినేసింది.

ఇంట్లో పండగకి కజ్జికాయల్లాంటి నెవ్రీలు వేయిస్తున్నారు. నేను ముట్టుకోలేదు.

సెప్టెంబరు 19. చవితి

మన గణపతి కూర్చున్నాడు. హారతి అయ్యాక ఊరి వాడుక ప్రకారం ఇంటింటికీ వెళ్ళాం. మొదట నరహరి ఇల్లు.

తలెత్తి చూశాను. గణపతి నెత్తిన, మాటొళి నడిమధ్య, గుప్పెడు గుప్పెడు కట్టలుగా, తలకిందులుగా, మన గడ్డి! పక్కింట్లోనూ ఉంది. ఆ పక్కింట్లోనూ. పంచుకున్నారు! అయిదారిళ్ళలో దేవుడి నెత్తిమీద ఉంది, లోకంలో ఇంకెక్కడా లేదు.

ఉజ్వల ఎవరి పీటో లాక్కుని ఎక్కి, భూతద్దం తీసి, పండిన కంకుల కోసం చూస్తోంది. అందరూ హారతి పాడుతున్నారు. ఒక ముసలావిడ "చదువుకున్న పిల్లకి ఎంత భక్తో!" అని కళ్ళొత్తుకుంది.

"బాబా!" అని గుసగుసలాడింది. "కిందివరసలో ఉన్నవి పండాయి!"

పండాయి! కానీ దేవుడికి కట్టింది దేవుడు కదిలేదాకా దింపకూడదు. నరహరి ఇంటి ఆచారం మరీ గట్టిది. అయిదో రోజు గణపతితో పాటు మాటొళి మొత్తం ఏటిపాలే.

సెప్టెంబరు 20

పోటీ. తీర్పరులు ఇల్లిల్లూ తిరిగారు. నరహరి ఇంటి ముందు మైకు పెట్టి, "ఈ గడ్డి పేరేమిటి?" అని అడిగారు.

నరహరి ఛాతీ విరిచి మైకు అందుకున్నాడు. "దీనికింకా పేరు లేదు! మన పుండలీక్ కూతురు ఉజ్వల పెట్టబోతోంది! ఎవరికీ చెప్పకండి, రహస్యం!"

మొత్తం వాడ విన్నది. అవతలి ఒడ్డు వాళ్ళకి కూడా వినపడిందట.

మొదటి బహుమతి వాడికే. ఇవాళ నేనెవరికీ చెప్పలేదు. అది నమోదు చేసుకో, డైరీ.

సెప్టెంబరు 23. నిమజ్జనం

ఇక దాచేదేముంది? చివరి హారతికి ముందు నరహరి వాకిట్లో, అంతమంది ముందు, నిలబడ్డాను.

"నరహరి బాబ్, ఆ గడ్డి ఏట్లో వేస్తే నా పిల్ల చదువు కూడా ఏట్లోనే."

వాడు తెల్లబోయాడు. "అదేమిటి?"

పండిన కంకి లేకపోతే పేరు లేదనీ, మార్చి దాటితే ఉజ్వలకి గడువు లేదనీ, ఒక్క మొక్క కూడా మిగల్లేదనీ చెప్పాను.

"మరి తాకొద్దని ఆ రోజే అనవచ్చు కదయ్యా! నేను ముట్టుకునేవాణ్ణా?"

"చెప్పకూడదని మొక్కుకున్నాను."

"ఓరి నీ మొక్కు కూలా! అంతా చెప్పావు! తోవ చెప్పావు, గుర్తు చెప్పావు, కొమ్ములు చెప్పావు! చెప్పాల్సిన ఒక్క ముక్కా మింగావు!"

జనం గొల్లుమన్నారు. శేవంతి అందరికంటే గట్టిగా నవ్వింది. సిగ్గుతో చచ్చాను, కానీ నిలబడే ఉన్నాను.

నరహరి తల గోక్కున్నాడు. "ఇప్పుడెలా దించను? మా తాతల నాటి ఆచారం. దేవుడిది ఎవరికీ ఇవ్వం."

అప్పుడు నాకు తట్టింది. బస్సులో ఊరి పేరు అరిచినట్టు అరిచాను. "గడ్డి అడగడం లేదు, నరహరి బాబ్! ప్రసాదం అడుగుతున్నాను! ఊరి ఆడపిల్ల కొంగు పట్టి ప్రసాదం అడిగితే లేదనే గడప ఈ ఊళ్ళో ఉందా?"

ఉజ్వల వెంటనే కొంగు పట్టింది. తెలివైనది, వాళ్ళమ్మ పోలిక.

నరహరి గణపతి వంక చూశాడు. గణపతి ఏమీ అభ్యంతరపెట్టలేదు. వాడే నిచ్చెన వేసుకుని ఎక్కి, కట్టలు విప్పి, ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుని దాని కొంగులో వేశాడు.

"పేరు మంచిది పెట్టు, తల్లీ. నా బహుమతి నిలబడాలి" అన్నాడు.

మిగతా ఇళ్ళవాళ్ళూ తెచ్చి ఇచ్చారు. రాలిన గింజలు పూజ బియ్యంలో, కుంకంలో కలిసిపోతే శేవంతి చాట పట్టి కూర్చుని ఏరింది. కంకులు ఉజ్వల కాగితాల మధ్య పరిచింది. నమూనా చీటీ మీద ఎక్కడినుంచి తీశారో రాయాలట.

"నిజమే రాయాలి కదా, బాబా. గణపతి నెత్తి మీదినుంచి అని రాయనా?" అని పకపకా నవ్వింది. అయిదు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

గింజల్లో సగం పట్టుకుని అందరం సడా ఎక్కాం. ఎక్కడ చల్లాలో అది చూపించింది, మేం చల్లాం. సైకిలు సడా ఎక్కదని సాంతాన్ హారను ఒక్కటే పట్టుకొచ్చి మోగించాడు. ఎందుకని అడిగితే, "నా పెదవులు కుట్టుకున్నాను కదా, బాబ్, ఇదే నా నోరు" అన్నాడు.

ఫిబ్రవరి 11

ఒప్పుకున్నారు!!! శాస్త్రాల పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు!!!

ఉజ్వల ఫోన్ చేసింది. ఇంకో ఆరు వారాల్లో అచ్చు. గడువు లోపే! పేరు కూడా చెప్పింది!

"బాబా, నీ నోటి మీద నమ్మకం ఉండి కాదు. అందరికంటే ముందు నీకే చెప్పాలనిపించింది."

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను.

పేరు ఇక్కడ రాయను. డైరీలో కూడా! ఇవాళ్టినుంచి మళ్ళీ నియమం. ఈసారి గట్టిది. పేరు అచ్చయ్యేదాకా నోరు మూత. శేవంతికి కూడా చెప్పను. (భోజనం దగ్గర చెప్పాను. ఇవాళ్టినుంచి అంటే భోజనం తర్వాతనుంచి.)

అచ్చయిన రోజున, అచ్చయ్యాకే, చెప్పవలసిన వాళ్ళు:

శేవంతి తమ్ముడు గోకుళ్‌దాస్. ఆడపిల్లకి అంత చదువెందుకన్నాడు. వాడికి మొదట.

వాస్కోలో చిన్నాన్న కొడుకులు ఇద్దరూ. విడివిడిగా. మాటలు లేవు వాళ్ళకి.

పిల్లకి అక్షరాలు దిద్దించిన నా వదిన సుభద్ర.

శేవంతి పుట్టింటివాళ్ళందరూ. వాళ్ళకి ఆవిడే చెబుతానంది. కాదు, నేనే చెబుతాను.

కుడాళ్‌లో మా మేనత్త ఇందుమతి. తొంభై దాటింది. ఆరు వారాలు ఆగమని ఆవిడతో ఎలా అంటాం? రేపే.

మా అమ్మ. ఆ సడా మీదే గడ్డి కోసి, మోపులు మోసి, మమ్మల్ని పెంచింది. ఫోటో ముందు దీపం పెట్టి ఇందాకే చెప్పేశాను, పేరుతో సహా. అమ్మ ఎవరికీ చెప్పదు.