వదులు కుర్తా

జూన్ 3, మంగళవారం
ఆఫర్ లెటర్ వచ్చింది. ఉప్పల్‌ల ఆఫీసు, డాక్యుమెంటేషన్ పని. మల్లాపూర్‌ల మా పాత కంపెనీ మూతపడ్డంక ఏడాదిన్నర నుంచి నాచారంల ఇంట్లనే ఉన్న. సోమవారం జాయినింగ్. మెయిల్ చివర ఒక లైన్: డ్రెస్ కోడ్ ఫార్మల్స్.

నేను కడుపుతో ఉన్న. నాలుగు నెలలు నిండినయి. ఇంటర్వ్యూకు చీర కట్టుకొని పోయిన. వాళ్లు అడగలే, నేను చెప్పలే.

జూన్ 4
పాత ఫార్మల్ ప్యాంటు వేసి చూసిన. ఊపిరి బిగబట్టి హుక్ పెట్టిన. ఊపిరి వదిలిన. హుక్ ఊడి మంచం కిందికి పోయింది.

జూన్ 5, మధ్యాహ్నం
ఏం చేద్దామని మా ఆయన రంజిత్‌ను అడిగిన. వదులు కుర్తాలు కొనుక్కో, పైన చున్నీ వేస్కో, ఇంకో రెండు నెలలు ఎవ్వరికీ తెల్వదు, అప్పటిదాంక పని సూపిస్తే వాళ్లే ఉంచుకుంటరు అన్నడు. చెడ్డగ అనలే. భయానికి అన్నడు. నాకూ అదే భయం.

షాపుకు పోయి XXL అడిగిన. అమ్మే పిల్ల నన్ను పైకీ కిందికీ చూసి, మీకు లార్జ్ చాలు కదక్కా అన్నది. మా వదినకు అని అబద్ధం చెప్పిన. నేవీ బ్లూ ఒకటి, బూడిద రంగు ఒకటి. ట్రయల్ రూం అద్దంల కుర్తానే కనబడ్డది, నేను కనబడలే.

జూన్ 6
అత్తమ్మ కుర్తాలు చూసింది. మడత విప్పి, చేతుల పట్టుకొని, గింత పెద్దగెందుకు అన్నది. చెప్పిన.

ఆమె ప్యాకింగ్ యూనిట్‌ల ఇరవై ఏండ్లు చేసింది. రంజిత్ కడుపుల ఉన్నప్పుడు ఆరో నెల దాంక చీర గట్టిగ బిగిచ్చి కట్టుకొని డ్యూటీకి పోయిందట, తెలిస్తే తీసేస్తరని. తెల్వదు కాబట్టి బరువు డబ్బాలు అన్నీ ఆమెతోనే లేపిచ్చిన్రట. ఒకరోజు అక్కడ్నే పడిపోయిందట. గీ ముచ్చట రంజిత్‌కు కూడ ఇన్నేండ్లు చెప్పలే.

"నాకు చెప్పే ధైర్యం లేకుండె బిడ్డా. నీకేమైంది?" అన్నది. అని, గిన్నెలు కడగనీకె లేచిపోయింది.

జూన్ 7, ఉదయం
హెచ్ఆర్ హైమావతి మేడంకు మెయిల్ రాసిన. మూడుసార్లు కొట్టేసి మల్ల రాసిన. ఆఖరికి రెండే లైన్లు. కడుపుతో ఉన్న, నాలుగు నెలలు. పని చేస్త, కాని మీకు ముందే తెల్వాలె.

10.20. పంపిన.

సాయంత్రం 6. జవాబు లేదు. రంజిత్ నా ఫోన్ చార్జింగ్ పెట్టి తెచ్చి నా పక్కన పెట్టిండు.

జూన్ 8
జవాబు లేదు. ఉద్యోగం పోయినట్టే అనుకున్న.

అయినా అత్తమ్మ నా పాత పసుపు కాటన్ టాప్ తీసి, పక్కల కుట్లు విప్పి, రెండించులు వదిలి మల్ల కుట్టింది. వేసి చూసిన. కడుపు కనబడ్తది. కనబడనీ. ఇస్త్రీ చేసి కుర్చీకి వేసిన. కుర్తాలు రెండూ షాపుల వాపస్ ఇచ్చిన.

జూన్ 9, సోమవారం
ఏడు నలభైకి ఫోన్ మోగింది. హైమావతి మేడం.

"మీ మెయిల్ ఇప్పుడే చూశాను సరితగారూ. మా లిఫ్ట్ పనిచేయట్లేదు, మీరు మూడో ఫ్లోర్ ఎక్కొద్దు. సీటు కిందే వేయిస్తున్నాను. తొమ్మిదిన్నరకి వచ్చేయండి."

థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసిన. అత్తమ్మ అడిగింది, ఏమైందని. తలకాయ ఊపిన. ఆమె పసుపు టాప్ నా చేతిల పెట్టి, లేటయితుంది నడువు అన్నది. రంజిత్ ఉప్పల్ దాంక బండి ఎంత మెల్లగ నడిపిండంటే ఆటోలన్నీ మమ్మల్ని దాటిపోయినయి.

జూన్ 19, 11.40, ఆఫీసు
కడుపుల కదిలింది. మొదటిసారి. షీట్ సేవ్ చేసి, ఊకె కూసున్న. మల్ల కదిలింది.