గుమాస్తా గారి రుమాలు

అక్కా, ఒంట్లో కులాసాగానే ఉంది, ఒళ్ళే మండిపోతోంది. ఈ అంటురోగం తగ్గేదాకా ఆసుపత్రి సిబ్బందికి ఆదాయపు పన్ను మాఫీ అన్నారా, రోగుల దుప్పట్లు ఉతికే మా జీతాల్లో మాత్రం ఎప్పటిలాగే కోసేశారు. అడగబోతే జీతాల గుమాస్తా, "మీరు ముట్టుకునేది దుప్పట్లనమ్మా, రోగుల్ని కాదుగా!" అన్నాడు. అంటూనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, నా అర్జీని స్కేలుతో లోపలికి లాక్కున్నాడు. వాడి రుమాలు తగలెయ్య!

నా పిల్లకి దగ్గు తగ్గిందా? పెరటి తలుపు గొళ్ళెం బిగించమని బావగారికి చెప్పు. ఆదివారం వస్తున్నాను, పెరట్లో వేణ్ణీళ్ళు కాచి ఉంచు. నా స్నానం అయ్యేదాకా పిల్లని గట్టిగా పట్టుకో, నన్ను చూస్తే ఆగదు. బావగారికి నమస్కారాలు. పిల్లకి ముద్దులు నువ్వే పెట్టు. నేనేం ముట్టుకుంటున్నానో ఆ రుమాలుకీ తెలుసు, నాకూ తెలుసు.

నీ చెల్లెలు