పదో షెడ్యూల్లో నేను

సహస్రా,

పాలు కాచి మూతపెట్టాను. టిఫిన్ తెచ్చే దీదీ వస్తే ఖాళీ డబ్బా ఇచ్చెయ్.

జిరాక్స్ తీయిద్దామని నీ సివిల్స్ పాలిటీ నోట్సు తెరిచాను. రాజ్యాంగం షెడ్యూళ్లు గుర్తుండటానికి నా తప్పులన్నీ వాడుకున్నావా? మూడోది ప్రమాణాలు: రేపట్నుంచి ఐదింటికే లేస్తానని నేను పెట్టే ఒట్లు. ఎనిమిదోది భాషలు: ఓనర్ ఆంటీతో నా హిందీ. అక్కడిదాకా నవ్వాను. పదోది రెండుసార్లు చదివాను. పార్టీ ఫిరాయింపులు: నేను ఈ రూము వదిలేసి ఊరి ఆ చివర ద్వారకలో పిన్ని ఇంటికి చెక్కేయాలని చూడటం. పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదే, నీకెలా తెలిసింది? పేజీ మీద తేదీ పోయిన నెలది. అన్నీ తెలిసే రోజూ నాకు టీ పెట్టి ఇచ్చావా?

వాసవి

రానని పిన్నికి ఫోన్ చేసేశాను. ఫిరాయింపులకి ఇంకో గుర్తు వెతుక్కో.