లేసు కప్పిన రికార్డు ప్లేయర్

నరసాపురం, 12-8-1996, సోమవారం

నాన్న దాచుకున్న రికార్డులు వినాలనే రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి రికార్డు ప్లేయర్ కొన్నాను. విడిగా రెండు స్పీకర్లున్నది మా తాహతుకు మించింది. పెట్టెలోనే స్పీకరున్న చిన్నది తెచ్చాను. తేగానే అత్తయ్యగారు దాని మీద నేను అల్లిన లేసు గుడ్డ కప్పేశారు.

"దుమ్ము పడుద్దమ్మా, ముట్టుకోకు. చుట్టాలొస్తే చూస్తారు."

"క్యాసెట్లొచ్చాక దాన్నెవరు వింటారులే, హాల్లో అందంగా ఉంటుంది" అన్నారు మా ఆయన.

"చూడ్డానికి కాదండి, వినడానికి తెచ్చాను" అని లేసు తీసేసి నాన్న రికార్డు పెట్టాను. ఆయన టీవీలో వార్తల సౌండు పెంచారు. నేనూ పెంచాను.

ప్లేయర్ సూది అరిగిపోతే ఇక్కడ దొరుకుతుందో లేదో...

లేసు గుడ్డను మాత్రం వృథా పోనివ్వను. రేపు వార్తల వేళకి టీవీ మీద కప్పుతాను. దుమ్ము పడుద్ది కదా!